అర్జెంటే గానీ ఎమర్జెన్సీ కాదు

చిట్టితల్లికి అమ్మ ముద్దులు, దీవెనలు.

ఇక్కడ మీ నాన్న, నాయనమ్మ కులాసా. నువ్వూ, నీ గదిలో పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. ఫోనుండగా ఈ కాగితాలేమిటని మీ నాన్న నవ్వుతారు. మీ ట్రైనింగు హాస్టల్లో ఆదివారం ఒక్కరోజే ఫోనిస్తారాయె. అందులో సగం "తిన్నావా, పడుకున్నావా" అని మీ నాయనమ్మ అడగడానికే సరిపోతుంది.

నువ్వడిగిన నీలం స్వెట్టరు బీరువా పైఅరలో దొరికింది, పంపిస్తాను. మీ నాన్న మోకాలినొప్పి తగ్గింది గానీ కుంటడం మాత్రం మానలేదు. మానితే కూరగాయల సంచి ఆయనే మోయాలి కదా. పక్కింటివాళ్ళ పిల్లి మన మెట్ల కింద ఈనింది. దాని పిల్లల్ని తరిమేయమని రోజూ కేకలేసే మీ నాయనమ్మే, ఎవరూ చూడకుండా పాలు పోస్తోంది.

ఇంగ్లీషు మాటల దగ్గర తడబడ్డావనీ, మీ మాస్టారు క్లాసందరి ముందూ చీవాట్లు పెట్టారనీ రాశావు. అర్జెంటు, ఎమర్జెన్సీ, క్రిటికల్, క్రైసిస్, అన్నీ ఆపదలే కదమ్మా, ఇన్ని పేర్లెందుకు అని అడిగావు. నువ్విప్పుడు నేర్చుకుంటున్న పనే, అంబులెన్సు కంట్రోల్ రూములో ఫోన్లెత్తడం, నీ వయసప్పటి నుంచీ చేస్తున్నదాన్ని, నాకు తోచింది చెబుతాను.

పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయనుకో, అది అర్జెంటు. పుస్తకం ముగించే వ్యవధి ఉండదు గానీ చెప్పులేసుకునే వ్యవధి ఉంటుంది. బాణలిలో నూనె అంటుకుందనుకో, అది ఎమర్జెన్సీ. స్టవ్వు కట్టేసి మూత పెట్టాలి, ఆలోచనలు ఆ తర్వాత. క్రిటికల్ అనేది డాక్టర్ల మాట. మనిషి ఇటైనా అటైనా మొగ్గవచ్చని దానర్థం. రోగిని చూడకుండా ఫోనులో మనం ఆ మాట అనకూడదు. క్రైసిస్ అంటావా, దానికి మన గండం కంటే మంచి మాట నాకు తెలియదు. నీ చిన్నప్పుడు మీ నాన్న పనిచేసే ప్రెస్సు మూతపడింది చూడు, అదీ క్రైసిసంటే. ఏ గంటా మోగలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఆ ఏడాదంతా మన సంసారం ఏ గట్టున పడుతుందో తెలియకుండా గడిచింది. సీరియస్ జోలికి మాత్రం పోకు. మనవాళ్ళకి ప్రాణం మీదికొచ్చినా సీరియస్సే, మీ మాస్టారు నవ్వకపోయినా సీరియస్సే.

ఇవన్నీ నువ్వు కంఠతా పట్టినా, ఫోను చేసేవాళ్ళు పట్టరు కదా. ఉంగరం వేలికి ఇరుక్కున్నవాడు ఎమర్జెన్సీ అని గగ్గోలు పెడతాడు. మొన్నామధ్య ఒక పెద్దాయన ఫోను చేశాడు. గొంతు ఎంతో నెమ్మది. "అర్జెంటేం కాదమ్మా, మీకు వేరే పనులుంటే చూసుకునే రండి. మా ఆవిడ కుర్చీలోంచి లేవలేకపోతోంది, మాట కూడా ముద్దముద్దగా వస్తోంది" అన్నాడు. నేను అన్నిటికంటే ముందు ఆ ఇంటికే బండి పంపాను. ఆయనే అర్జెంటు కాదంటే నీకెందుకంత తొందరని సూపర్‌వైజరు నిలదీశాడు. ఆయన చెప్పింది తన మర్యాద సంగతి సార్, ఆవిడ జబ్బు సంగతి కాదు అన్నాను. ఆవిడకి పక్షవాతం. వేళకి చేరింది కాబట్టి ఇప్పుడు వార్డులో కూర్చుని, భర్తకి దువ్వెన తేవడం కూడా చేతకాదని సాధిస్తోందట.

అందుకని ఎమర్జెన్సీయేనా అని ఎవరినీ అడగకు. ఊపిరి ఎలా ఆడుతోంది, పిలిస్తే పలుకుతున్నారా, రక్తం ఆగిందా, ఇవి అడుగు. పేరు తర్వాత నువ్వు పెట్టుకోవచ్చు. ఎదుటివాళ్ళు మొహమాటపడితే నువ్వు పడకు.

ఇంతసేపూ పంతులమ్మలా రాశాను. అసలు సంగతి చెప్పడానికి చెయ్యి రాక అలా సాగదీశాను. కుదురుగా కూర్చుని చదువు.

నా పక్క సీటావిడ గురించి నీకు తెలుసుగా, నోటికి తాళం లేదని మేమంతా రేడియో అని పిలుస్తాం. నా చెయ్యి మాటిమాటికీ చంక దగ్గరికి పోతోందని ఆవిడ కనిపెట్టింది. ఏమైందంటే ఏం లేదన్నాను. ఆవిడ హెడ్‌సెట్టు తగిలించుకుని, కుర్చీ నావైపు తిప్పుకుని, ఫోనొచ్చినప్పటి గొంతుతోనే మొదలుపెట్టింది.

"చెప్పండి. పేషెంటుకి ఎక్కడ బాగోలేదు?"

నవ్వులాటే కదా అని నేనూ జవాబిచ్చాను. "ఎడమ రొమ్ములో గడ్డ."

"ఎప్పటినుంచి?"

"ఎండాకాలం నుంచి. నొప్పేం లేదు. అర్జెంటేం కాదు."

రేడియో మూగబోవడం నేను చూడటం అదే మొదటిసారి. హెడ్‌సెట్టు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ ఫోను నువ్వెత్తి ఉంటే ఊరుకునేదానివా?" అంది. ఊరివాళ్ళ ఆపదలన్నిటికీ తూకం వేసే నేను, నా ఆపదని త్రాసులో పెట్టనేలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళింది ఆవిడే.

పరీక్షలు చేశారు. క్యాన్సరేనమ్మా. ఇంకా పాకలేదన్నారు. డాక్టరమ్మ నీకంటే కాస్త పెద్దది, అంతే. "ఇది ఎమర్జెన్సీ కాదండీ, ఇప్పటికిప్పుడు పరుగెత్తక్కర్లేదు. కానీ అర్జెంటు. వాయిదా మాత్రం వేయకండి" అంది. ఏ మాట ఎక్కడ వాడాలో తెలిసిన మనిషి చేతిలో పడ్డానని నాకు సగం బెంగ తీరింది.

వచ్చే నెల మొదటి గురువారం ఆపరేషను. నీ ఆఖరి పరీక్ష కూడా ఆరోజే, నాకు తెలుసు. పిల్లని కంగారుపెట్టకు, పరీక్ష అయ్యాక చెబుదాం అన్నారు మీ నాన్న. పాపం, ఆ కబురు విన్నప్పటి నుంచీ ఆయన సర్దిన బీరువానే మళ్ళీ సర్దుతున్నారు. ఆయన మాట నేను వినలేదు. దాచిపెట్టి నేనొకసారి చేసిన బుద్ధితక్కువ పని చాలు.

భయం లేదని అబద్ధం రాయను. కుళాయి తిప్పుకుని స్నానాల గదిలో ఏడ్చాను కూడా. ఏడ్చి, మొహం కడుక్కుని, చేయాల్సిన పనులు మొదలుపెట్టాను. సెలవు పెట్టాను. నా షిఫ్టులు రేడియో పంచుకుంది. మందులకి జుట్టు రాలవచ్చన్నారు. అది రాలిపోయేదాకా దువ్వెన వంక చూస్తూ కూర్చోవడమెందుకని ముందే పొట్టిగా కత్తిరించుకున్నాను. మీ నాయనమ్మ నెత్తీనోరూ బాదుకుంది, తర్వాత తనే కత్తెర తీసుకుని వంకరటింకర అంచులన్నీ సరిచేసింది. అచ్చం మగరాయుడిలా ఉన్నానట. ఉంటే ఉంటాను. నేను బతకడానికి వెళుతున్నాను తల్లీ. బతికి, మళ్ళీ నా సీట్లో కూర్చుని ఫోన్లెత్తుతాను.

మీ ట్రైనింగు ఆఫీసుకి ఫోను చేసి కనుక్కున్నాను. ఈసారి కుదరకపోతే తర్వాతి బ్యాచితో పరీక్ష రాయనిస్తారట. నీ ఉద్యోగం కాస్త వెనకపడుతుంది, తెలిసే అడుగుతున్నాను. ఆ గురువారం నన్ను లోపలికి తీసుకెళ్ళేముందు నా చెయ్యి నీ చేతిలో ఉండాలి. మీ నాన్న చెయ్యి పట్టుకుంటే ఆయన వణుకు కూడా నాకే అంటుకుంటుంది. నాకు నువ్వు కావాలి.

సెలవు అడిగితే మీ మాస్టారు కారణం అడుగుతారు. అర్జెంటా, ఎమర్జెన్సీయా అని నిలదీస్తారు. నువ్వు ఏ మాట కోసమూ వెతుక్కోకు. అమ్మ రమ్మంది అని చెప్పి బయల్దేరు.

ఇట్లు,
పంతం పట్టిన మీ అమ్మ