మెట్టు మీద సబ్బునీళ్ళు

14వ తేదీ, మంగళవారం మధ్యాహ్నం

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ కుశలం ఎడమకాలి వరకే ఉంది. నువ్వు ఊరెళ్ళి చూసుకుంటున్న మీ అత్తగారికి కంటి కట్టు విప్పారని బావ చెప్పాడు, సంతోషం. ఆవిడ మొట్టమొదట చూసింది నీ మొహమేనట, పాపం!

నా సంగతికొస్తే, ఆపరేషన్ చేసిన మోకాలు మళ్ళీ వాచింది. అయిదు నెలలక్కా! తొడలోంచి తీసి మోకాల్లో వేసిన ఆ లిగమెంట్ నిలవాలని పడుకుని కాలెత్తాను, దించాను, గోడకానుకుని గుంజీలు తీశాను. ఇంకో నాలుగు నెలల్లో నిచ్చెనెక్కొచ్చన్నారు. అందాకా రంగులు కలిపి ఇస్తే చాలని బావ తనతో పనికి తీసుకెళ్తున్నాడు. శుక్రవారం నాడు మోకాల్లో టప్‌మంది. అంతే, అయిదు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరు. ఇప్పుడు నడుస్తుంటే మోకాలు నాది కానట్టు పక్కకు జారుతోంది.

ఫిజియో అమ్మాయి పిక్క పట్టుకుని ముందుకు లాగి చూసింది. వెంటనే వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చింది. తెగిందో సాగిందో గురువారం స్కాన్ తీస్తేగానీ తెలియదట. తెగితే మళ్ళీ కోత, ఆపైన నిచ్చెన మాట మర్చిపోవాలట. నిచ్చెనెక్కని పెయింటర్ని ఎవరు పిలుస్తారు, చెప్పు? ఇరవై రెండేళ్ళుగా నాకు తెలిసిన పని ఇదొక్కటే. ఏడుపొస్తోంది, దాని వెనకే కోపం వస్తోంది.

ఎలా జరిగిందో ఫోన్లో చెప్పాను కదా. మేం రంగులేస్తున్న ఇంట్లో బావ బ్రష్షులు కడిగిన సబ్బునీళ్ళు మెట్టు మీద ఉన్నాయి, నేను కాలు జారాను. దానికి నువ్వాయన్ని చెడామడా తిట్టావని తెలిసింది. అప్పట్నుంచీ ఆయన వాలకం చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది. మంచినీళ్ళకైనా లేవనివ్వడు. మెట్లు దిగాలంటే ఎక్కమని వీపు చూపిస్తాడు, యాభై దాటిన మనిషి! ఎలా పడ్డావని డాక్టరు అడిగితే, నేను నోరు తెరిచేలోపే నా తప్పే సార్ అనేశాడు. పగలంతా ఒక్కడే ఆ ఇంటి హాలు పని చేసి, వచ్చి నా కాలికి ఐసు పెడుతున్నాడు. ఇక ఆయన్నేమీ అనకు. పెద్దావిడకు నా నమస్కారాలు.

నీ కుంటి తమ్ముడు

తా.క.: సంతకం పెట్టాక కూడా ఒక మాట మిగిలిపోయిందక్కా. ఫోన్లో చెబుదామంటే ఆయన పక్కనే ఉంటాడు. మెట్టు మీద చుక్క నీళ్ళు లేవు. బావ భోజనానికి వెళ్ళగానే నేను నిచ్చెనెక్కాను. సీలింగు కింద ఆయన వేసిన రంగు అంచు వంకరటింకరగా ఉంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. రెండు మూరలు సరిచేశాక దిగి, నిచ్చెన జరిపి, మళ్ళీ ఎక్కాలి. మా పనివాళ్ళ పాడు అలవాటుంది కదా, దిగకుండా, మడత నిచ్చెనకు అటూ ఇటూ కాళ్ళేసి పైనుంచే దాన్ని నడిపించాను. మూడో అడుగులో పాదం ఇరుక్కుంది. ఒళ్ళు ఒకవైపు, మోకాలు ఒకవైపు తిరిగాయి. ఎలాగో దిగి, మెట్ల దాకా ఈడ్చుకెళ్ళి కూలబడ్డాను. ఆయనొచ్చి ఏమైందంటే నోటికొచ్చిన అబద్ధం చెప్పాను.

పని సగంలో ఉండగా బ్రష్షులెవరు కడుగుతారు? ఆ సంగతి బావకు తెలియదంటావా! తెలిసే నా తప్పు నెత్తినేసుకున్నాడు, నీ చేత తిట్లు తిన్నాడు.

గురువారం డాక్టరుకు నేనే చెబుతాను. ఈ కవరు మాత్రం అంటించడం లేదు. పోస్టు చేయమని బావ చేతికే ఇస్తున్నాను.