లిఫ్టు తనిఖీ సంతకాలు

అక్కకు, ఇందుమూలముగా యావత్ కుటుంబానికి తెలియజేయునదేమనగా, నా కుడికాలి చెప్పు తెగినది. ఎడమది క్షేమం.

ఇక్కడ లిఫ్టు చూడకుండానే, నెలంతటి తనిఖీ సంతకాలూ మా మెకానిక్కుల చేత ఒకటో తారీఖునే పెట్టిస్తారు. ఈసారి తాడు అరిగింది, పెట్టనన్నాను.

"అందరూ పెట్టారు, నీకొక్కడికే కొమ్ములొచ్చాయా?" అన్నాడు మేనేజరు.

"అయితే మీరోసారి ఎక్కి దిగండి సార్" అన్నాను.

లిఫ్టు వదిలేసి ఆరంతస్తులూ మెట్లెక్కి పోయాడు.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత స్వెట్టరు ఎలుకలు కొట్టకముందే పంపు. ఒళ్ళు, మనసు రెండూ అలిసిపోయాయక్కా. పిల్లలకు దీవెనలు.

మేనేజరు మెట్లెక్కిన మాట నిజం. నేను పెట్టనన్నది మాత్రం కల్పన. ముప్ఫై సంతకాలూ పెట్టేశాకే ఎక్కమన్నాను. జనం రోజూ ఎక్కుతూనే ఉన్నారు.