పడవ పట్టీ

చెల్లెమ్మకు అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ మీ వదినా పిల్లలూ కులాసా. అక్కడ నువ్వూ పాపా కూడా అలాగే ఉన్నారనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పాప లెక్కల్లో వెనకబడిందని బెంగపడకు, మేనమామ పోలిక. మీ వదిన మోకాళ్ల సంగతి అడిగావు. నొప్పులు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పడవ షెడ్డులో ట్రైలర్ మీదే ఉంది. బావ పోయిన రోజు నుంచి నీళ్లు ముట్టలేదు.

బావా నేనూ పడవను ట్రైలర్ మీదికి ఎక్కించే రేవులు రెండూ నువ్వు చూసినవే. చదును రేవులో ట్రైలర్‌ను చక్రాలు మునిగేదాకా వెనక్కి దింపితేగాని పడవ ఎక్కదు. ఎక్కాక ఎటూ జారదు కాబట్టి, పడవను ట్రైలర్‌కు కట్టేసే గొలుసును గట్టు పైకొచ్చాక తీరిగ్గా తగిలించేవాళ్లం. నిటారు రేవులో చక్రాలు సగం తడిస్తే చాలు, కానీ గొలుసు తగిలించనిదే బండి కదలకూడదు. "ఇక్కడ నన్ను కూడా నమ్మకు బావా, గొలుసును నమ్ము" అని బావ నాతో అనేవాడు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినదానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేకపోయాను. పడవను లాగే పట్టీ చిరిగితే నువ్వే కుట్టిచ్చావు. వారం తిరగకుండా బావ పోయాడు. "ఇంకో వరస కుట్టి ఉంటే ఆయన బతికేవారా అన్నయ్యా?" అని రాశావు. అప్పటినుంచి మిషను మూత తీయలేదట.

ఆ రోజు నిటారు రేవులో వాన ముంచుకొస్తోంది. అంతకుముందు వారమంతా చదును రేవులోనే పని, చేతులకు అదే అలవాటైంది. పట్టీని చుట్టే వించ్ తిప్పి పడవను ట్రైలర్ మీదికి ఎక్కించాను. బావ వెనక నీళ్లలో నిలబడి దాన్ని తిన్నగా పట్టుకున్నాడు. గొలుసు పైకెళ్లాక చూద్దాంలే అనుకుని బండెక్కి ముందుకు పోనిచ్చాను. వించ్ పళ్లు పట్టు వదిలేశాయి. పట్టీ మొత్తం విప్పుకుంటూ పడవ బావ మీదికి జారింది.

జనం మూగి, పట్టీ తెగిందా అని అడిగారు. తల ఊపాను. ఆ అబద్ధం వెళ్లి నీ మెడకు చుట్టుకుంటే, చూస్తూ కూడా ఏడాదిపాటు నోరు మెదపలేదు. బావను చంపింది నా తొందర, చెల్లీ.

పట్టీని ఆ రోజే విప్పి దాచేశాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. నువ్వు కుట్టినచోట వేలు పెట్టి చూసుకో. ఒక్క పోగు కూడా ఊడలేదు.

ఇట్లు,
ఇంకా అన్నయ్యా అని పిలిపించుకోవాలని ఆశపడే
నీ అన్నయ్య