కారణం రాయవలసిన గడి

చెల్లీ,

నీకూ, మరిదిగారికీ, అమ్మాయికీ నా దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అంటే మంచాన పడ్డవాళ్లెవరూ లేరు. మీ బావకు నడుంనొప్పి తగ్గి, మళ్లీ నా మీద విసుక్కునే ఓపిక వచ్చింది. అమ్మ కంటి ఆపరేషన్ ఎలా జరిగిందని అడిగావు. కట్టు విప్పగానే నన్ను చూసి, "ఇంత చిక్కిపోయావేమిటే?" అంది. చూపు వచ్చినట్టే.

"మీ ఆఫీసు నుంచి నెలయినా కబురు లేదు. నాలో ఏం తక్కువైందక్కా?" అని కూడా అడిగావు. దానికి జవాబు రాస్తూ, చింపుతూ వారం గడిపాను.

మా బీమా కంపెనీలో మూడేళ్ల కిందట మనుషులు నిలిచేవారు కాదు. "పని నేర్పడం మన వంతు, చేయించుకోవడం పక్క కంపెనీ వంతు అయిపోయిందమ్మా. ఏదైనా దారి చూడు" అన్నాడు మా పెద్ద మేనేజరు. సిబ్బంది వ్యవహారాలు నావి కదా, చూశాను. ఎనిమిదికీ పదకొండుకీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. వారంలో రెండు రోజులు ఇంటి నుంచే చేయొచ్చు. పొరుగూళ్లవాళ్లు ఆఫీసుకు రానే అక్కర్లేదు. నువ్వు చూసి మురిసిపోయిన ఆ ప్రకటన నా రాతే.

ఈ వెసులుబాటు కావాలంటే, ఉన్నవాళ్లయినా కొత్తగా చేరేవాళ్లయినా, ఒక దరఖాస్తు నింపాలి. అందులో 'కారణం' అని ఒక గడి పెట్టాను. ఎవరూ అడగలేదు, నేనే పెట్టాను. ఆలస్యంగా వచ్చేవాళ్లను సోమరులనుకుంటారేమోనని నా భయం. కారణం తెలిస్తే జాలిపడతారనుకున్నాను. జాలే పడ్డారు. అదే కొంప ముంచింది.

క్లెయిముల సెక్షన్లో ఒకావిడ ఉంది. లెక్కలన్నీ నోటితోనే చేసేస్తుందని అందరూ కాలిక్యులేటరమ్మ అంటారు. ఆ గడిలో, 'నాన్నగారికి మతిమరుపు, పొద్దున నేనే చూసుకోవాలి' అని రాసింది. సెక్షన్ హెడ్ పదవికి ఆమె పేరు రాగానే పెద్ద మేనేజరు నిట్టూర్చాడు. "పాపం, ఇంట్లో ఒక బరువుంది. ఈ బరువు కూడా ఆమె నెత్తినెందుకు?" అన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. తర్వాత ఆమె నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"బరువని నేనెప్పుడు చెప్పాను మేడమ్? పదింటికి వస్తానన్నాను, అంతేగా?"

ఆమె ఉద్యోగం మానలేదు. ఎలా మానుతుంది? ఈ వేళలు ఇంకెక్కడా దొరకవు. రెండేళ్లలో ఒక్కరే వెళ్లిపోయారని మీటింగులో నాకు చప్పట్లు కొట్టారు. నిలబడ్డారో, కదల్లేకపోయారో ఎవరూ అడగలేదు.

ఇక అసలు సంగతి. నీ దరఖాస్తు ముందుగా నా బల్ల మీదికే వచ్చింది. కారణం గడిలో చోటు చాలక పక్కన అంచులో కూడా రాశావు. అమ్మాయికి నెలకు రెండు మూడుసార్లు మూర్ఛ రావడం, నువ్వు పనిచేసే బడి ఆఫీసులో సెలవడిగిన ప్రతిసారీ మాట పడటం, అన్నీ. చదువుతుంటే "పాపం" అన్న పెద్ద మేనేజరు గొంతే మళ్లీ నా చెవిలో వినిపించింది. దాన్ని పైకి పంపలేదు. సొరుగులో పెట్టేశాను. ఫోనులో నువ్వడిగితే, "ఇంకా చూస్తున్నారే" అని అబద్ధమాడాను.

నిన్ను కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? లేక అక్క గొప్పగా చెప్పుకున్న పథకం లోపల ఎలా ఉందో నువ్వు చూడకూడదనా? ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఒక్కటి మాత్రం తేలింది. నీ తరఫున ఆలోచించమని నన్నెవరూ అడగలేదు. "పాపం" అనుకున్నాను, సొరుగు మూశాను. వాళ్లకూ నాకూ తేడా ఏముంది?

నీలో తక్కువ ఏమీ లేదు. వచ్చిన ముప్పై దరఖాస్తుల్లో నీదే మొదటిది కావాలి. పైకి పంపడానికి శుక్రవారం దాకా గడువుంది. ఇక్కడ ఎదుగుదల ఉండదు. పిల్లను పక్కన పెట్టుకుని పనిచేసుకోవడం మాత్రం ఉంటుంది. అది చాలో చాలదో నువ్వే చెప్పాలి. పంపమంటే మరుక్షణం పంపుతాను.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. ఉత్తరాల్లో నువ్వు మర్యాదగా ఉంటావు. ఫోను చెయ్యి. మరిదిగారు పక్కన లేనప్పుడు, గట్టిగా.

ఇట్లు,
అడగకుండానే నీ మంచి కోరిన
అక్క