భుజాలు కుదరని కోటు

శనివారం, మధ్యాహ్నం

చిరంజీవి కోడలికి,

మీ మేనత్త దీవెనలు. మోకాలు తప్ప ఇక్కడ నేనంతా క్షేమం. మీ నాన్న ఎప్పటిలాగే లోకంలో ఎవరినీ అనుమానించకుండా హాయిగా కునుకు తీస్తున్నాడు. అనుమానించే పనికి ఇంటికొక మనిషి చాలు కదా, నేనున్నాను. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ ఈ మధ్య నీ గురించి నేను తలుస్తున్నవేవీ మర్యాదగా రాయదగ్గవి కావు.

సూటిగా విషయానికి వస్తాను. రేపు పొద్దున మన కార్మిక సంఘం సమావేశం. సోమవారం మీ దీపాల షోరూము యాజమాన్యంతో బట్టల నిబంధన మీద చర్చలు. అమ్మకాల అమ్మాయిల తరఫున ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి అందరూ నీ పేరే చెబుతున్నారు. నేను లేచి వద్దనబోతున్నాను. నలుగురిలో నీ పరువు తీసే ముందు ఎందుకు తీస్తున్నానో నీకు చెప్పడం న్యాయమని ఈ ఉత్తరం. ముఖాముఖి చెప్పొచ్చు కదా అంటావేమో. నువ్వు స్నేహితురాళ్ళ గదికి మారాక నీ ముఖం నాకెక్కడ దొరుకుతోంది? వస్తావు, పళ్ళెం ముందు కూర్చుంటావు, ఫోను చూసుకుంటావు, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతావు.

ముందు ఆ నిబంధన గురించి నాలుగు మాటలు. నీకు తెలియదని కాదు, మర్చిపోయావేమోనని. వారంలో ఒకసారి వేసింది మళ్ళీ వేయకూడదు. నలగకూడదు, వెలవకూడదు. తలుపు దగ్గర మీ సూపర్‌వైజరు, మీరంతా టార్చిలైటు అని పిలుచుకునే ఆ మహానుభావుడు, నిలబడి కాలరు నుంచి మడమ దాకా చూస్తాడు. నచ్చకపోతే ఆ రోజు కమీషను లేదు. అన్ని దీపాల కింద నిలబడితే నల్ల బట్ట వెలిసి గోధుమరంగుకి తిరిగిందని గుడ్డివాడికైనా కనబడుతుంది. ఆ సంగతి తెలిసే పెట్టారు ఆ నిబంధన. యూనిఫాం ఇస్తే ఖర్చు యజమానిది. 'హుందాగా రండి' అంటే ఖర్చు మీది. రెండు మర్యాద మాటలతో జీతం కోయడమంటే ఇదే. నేను నడిపే పత్రికలో ఇదే రాశాను, మళ్ళీ రాస్తాను.

నేను మంచి బట్టకి శత్రువుని కాను. చిరుగు చొక్కా వేసుకుంటే న్యాయం పక్షాన ఉన్నట్టని వాదించే పెద్దమనుషులు మన సంఘంలోనూ ఉన్నారు, వాళ్ళతో నాకెప్పుడూ పడదు. లేనివాళ్ళు లేనట్టే కనబడాలని శాసనమేమీ లేదు. నీకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు పాత బట్టల సంతకి తీసుకెళ్ళి, ధర అడగకముందు లోపలి కుట్టు చూడమని నేర్పింది ఎవరు? చవక చొక్కాకి మంచి గుండీలు కుట్టు, చూసేవాడి తల తిరుగుతుంది అన్నది ఎవరు? బట్ట పాతదైనా భుజం కుదిరితే దొరసానిలా ఉంటావని చెప్పింది నేనే. తక్కువ డబ్బుతో ఎంత దూరం వెళ్ళొచ్చో నాకు తెలుసు. నువ్వు అంతకంటే చాలా దూరం వెళ్ళావు. నా అనుమానం అక్కడే మొదలైంది.

ఈ నెలంతా నువ్వెప్పుడు కనబడినా ఒంటి మీద కొత్తదే. ఒక రోజు బూడిదరంగు కోటు, ఇంకో రోజు తెల్ల పట్టు చొక్కా, మరో రోజు గీతల ప్యాంటు. పోయిన ఆదివారం ఆ బూడిదరంగు కోటే వేసుకుని వచ్చావు. ఎక్కడ కొన్నావని అడిగితే, తక్కువకి వచ్చింది అత్తా అన్నావు. ఎక్కడ అంటే, ఉందిలే ఒక చోట అన్నావు. నువ్వు చేతులు కడుక్కుంటున్నప్పుడు నేను వెనక నిలబడి చూశాను. దాని భుజాలు నీకు కుదరలేదు. నీకంటే నిండైన మనిషి కొలతకి కుట్టిన కోటది. ప్యాంటు అంచు కూడా కత్తిరించకుండా లోపలికి మడిచి, పెద్ద పెద్ద కుట్లు వేసి ఉంది. సొంత డబ్బుతో కొనుక్కున్న పిల్ల అంచు అలా వదిలేయదు. ఎవరో ఇచ్చింది, మళ్ళీ అడిగితే ఇచ్చేయాల్సింది, అలా ఉంటుంది.

సరే, అక్కడితో ఊరుకుందును. మొన్న మీ టార్చిలైటు ధరల కార్డులు అచ్చు వేయించుకోవడానికి నేను పనిచేసే ప్రెస్సుకి వచ్చాడు. నేను ప్రూఫులు దిద్దుతుంటే ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేనెవరో తెలుసు, నా పత్రికలో తన గురించి ఏం రాస్తానో తెలుసు. అయినా తేనె పూసిన గొంతుతో అన్నాడు:

"మీ కోడలు తెలివైన పిల్ల మేడమ్. ఎక్కడ నిలబడితే వెలుగు పడుతుందో తెలుసు. చర్చలకి తనే వస్తే మాకేం ఇబ్బంది లేదు. మా మనిషే అనుకోండి."

ఆ తర్వాత నేను దిద్దిన పేజీలో ఎన్ని తప్పులు మిగిలాయో ప్రెస్సు యజమానినడుగు.

ఆ సాయంత్రమే మీ షోరూము ఎదుట బస్‌స్టాపులో నిలబడ్డాను. బస్సు కోసం కాదు. నువ్వు బయటికి వచ్చావు, సందు మలుపులో లాండ్రీ దగ్గర ఆగావు. అక్కడ మీ క్యాషియరు, యజమానికి చుట్టమని నువ్వే చెప్పిన ఆవిడ, నీ చేతికొక సంచీ ఇచ్చింది. నువ్వు అటూ ఇటూ చూసి తీసుకున్నావు. న్యాయంగా వచ్చేదాన్ని తీసుకునేటప్పుడు ఎవరూ అటూ ఇటూ చూడరు, కోడలా.

ఇక నేనేం అనుకోవాలి? బట్టల నిబంధన మీద కొట్లాడవలసిన పిల్లకి బట్టలే లంచమిచ్చారనుకోవడం తప్పా? పొమ్మనకుండా పొగబెట్టడం ఒక పద్ధతి. రమ్మని కోటు తొడగడం ఇంకో పద్ధతి. డబ్బిస్తే పట్టుబడతావు. కోటిస్తే ఎంత బాగున్నావో అని మేమే మెచ్చుకుంటాం. నీతో నిలబడిన అమ్మాయిల సంగతేమిటి? ఒకే చొక్కాని రాత్రి ఉతికి, తడి ఆరకముందే వేసుకొచ్చి, తలుపు దగ్గర కమీషను పోగొట్టుకుంటున్నవాళ్ళ తరఫున నువ్వు మాట్లాడతావా, యాజమాన్యం ఇచ్చిన కోటు వేసుకుని?

రేపు సమావేశం మొదలయ్యేలోపు వచ్చి ఈ సంచీల కథేమిటో చెప్పు. చెప్పగలిగితే సంతోషం. చెప్పలేకపోతే నీ పేరు నువ్వే వెనక్కి తీసుకో. ఎత్తుకుని పెంచిన పిల్లని నలుగురిలో దించే పని నాకు పెట్టకు.

ఇట్లు,
నీ మంచి కోరే, నిన్ను నమ్మాలనుకునే,
అత్త

తా.క.: పై ఉత్తరం కవరులో పెట్టి అంచుకి జిగురు రాస్తుంటే తలుపు చప్పుడైంది. తీస్తే మీ క్యాషియరు. చేతిలో అదే రకం సంచీ. లాండ్రీకి నీళ్ళు రాక మూసేశారట. నువ్వు డ్యూటీ దిగి ఇటు వచ్చి తీసుకుంటావని, అత్తతో ఏమీ మాట్లాడకుండా సంచీ మాత్రం ఇచ్చి రమ్మన్నావని చెప్పింది. పైగా నన్ను చూసి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"మా పిల్లని ఎంతకి కొన్నారు?" అని గుమ్మంలోనే అడిగేశాను.

ఆవిడ చెప్పు విడవబోతున్న కాలు అలాగే ఆగిపోయింది. "కొనడమేంటండీ? ఇది నా కోటు. చర్చలకి తను వేసుకుంటుంది. గుండీలు మార్చేశాను, టార్చిలైటు గుర్తుపట్టడు."

తర్వాత కూర్చోబెట్టి అడిగితే మొత్తం బయటికి వచ్చింది. నీ ఒంటి మీద చూసినవేవీ నీవి కావు. ఆ షోరూములో ఆడవాళ్ళందరి బట్టలూ అందరివీనట. ఎవరిది ఎవరికైనా నప్పేలా ఇక నలుపు, తెలుపు, బూడిద తప్ప ఇంకో రంగు కొనకూడదని ఒట్టు పెట్టుకున్నారట. ఆ ఉమ్మడి బట్టల బీరువా లాండ్రీలోనట. ఈ వారం నీది వచ్చే వారం ఇంకొకరిది, మధ్యలో గుండీలు మారతాయి, మెడకి రుమాలు చేరుతుంది, పొట్టి పిల్ల తర్వాత పొడుగు పిల్ల వేసుకోవాలి కాబట్టి అంచు కత్తిరించరు. ఈ నెలలో తలుపు దగ్గర ఎవరి కమీషనూ పోలేదట. నేను పైన రాసినట్టు తడి చొక్కాతో వచ్చే పిల్ల ఇప్పుడు మీ షోరూములో ఒక్కతీ లేదు. యజమాని చుట్టానివి కదా, నీకెందుకు ఈ పాట్లు అన్నాను. జీతం దగ్గరికి వచ్చేసరికి ఆ చుట్టరికం చాలా దూరమండీ అంది.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"మీకు చెప్తే పత్రికలో వేస్తారంటండీ. అచ్చయిన మర్నాడే దాని మీదా ఒక రూలొస్తుంది."

నిజమే. ఆవిడ చెబుతుండగానే మొదటి పేజీకి శీర్షిక నా తలలో తయారైపోయింది. వేయనులే.

ఇంకొకటి కూడా చెప్పింది. నా అనుమానం ఎక్కడ మొదలైందో చెప్పి, టార్చిలైటు మాట ఎత్తాను. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. నువ్వు తన మనిషివని అతను ఆవిడతోనూ అన్నాడట. ఆవిడ తన మనిషని నీతో అన్నాడట. మీరిద్దరూ లాండ్రీ బల్ల దగ్గర ఒకరినొకరు అడిగేసుకుని పడీ పడీ నవ్వారట. నేను అడగలేదు. బస్‌స్టాపులో నిలబడి చూశాను. ఇన్నేళ్ళూ యజమానుల మాట నమ్మకండని రాసినదాన్ని, తీరా నమ్మింది నీ మీద చెప్పినప్పుడు.

ఈ ఉత్తరం చించేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. చించడం లేదు. జిగురు ఊడదీసి ఈ కాగితం కలిపి, సంచీలో కోటు మీద పెడుతున్నాను. నోటితో చెప్పబోతే మళ్ళీ వాదనలోకి దిగుతాను, నా సంగతి నీకు తెలుసు. రేపు నీ పేరు నేనే ప్రతిపాదిస్తాను. సోమవారం ఆ మనిషి నీ ఎదుట కూర్చుని చిరునవ్వు నవ్వినప్పుడు ఈ కాగితాలు గుర్తు తెచ్చుకో. ఖర్చేమీ లేకుండా, ఒక్క మాటతో, నిన్ను ఎత్తుకు పెంచిన చేత్తోనే నీ మీద ఇంత రాయించాడు. బల్ల దగ్గర అతనేం చెప్పినా, పక్కన కూర్చున్నదాన్ని అడగకుండా నమ్మకు.

చదివాక తిట్టాలనిపిస్తే వంటింట్లో ఉంటాను.