ఎర్రగట్టు కట్ట

గని గెస్ట్‌హౌస్, ఎర్రగట్టు,
బస్తర్.
14 నవంబరు 2018.

చిన్ననాటి నేస్తం ఇర్మెకు,

సారలమ్మ నమస్కారాలు. ఉసూర్‌లో టీచర్ల శిక్షణకు వెళ్లావని తెలిసింది. అక్కడ నీకు అన్నీ అనుకూలంగా ఉన్నాయని తలుస్తాను. శుక్రవారం తిరిగొస్తావట కదా, ఈ ఉత్తరం మీ బడిలో ఇచ్చి ఉంచుతాను.

ఆదివారం ఊరి సభలో నాకు శాలువా కప్పుతామని రాశావు. అది చదవగానే మన చిన్నప్పటి రోజులు గుర్తొచ్చాయి. మా నాన్న ముత్తయ్య భోపాల్‌పట్నం నుంచి వచ్చి ఈ గనిలో కన్వేయర్ బెల్టు ఫిట్టరయ్యాడు. నువ్వు కొండ దిగువ నుంచి కాలనీ బడికి నడిచి వచ్చేదానివి. నువ్వు నాకు గోండీ నేర్పావు, నేను నీకు తెలుగు రాయడం నేర్పాను.

తర్వాత నా దారి నీకు తెలిసిందే. హైదరాబాద్‌లో పదిహేనేళ్లు టెలిఫోన్ పరికరాల ఇంజనీరుగా చేసి, కొత్త ఆలోచనలున్న చిన్న కంపెనీల్లో పెట్టుబడి పెట్టే పనిలోకి దిగాను. కొన్ని మునిగాయి, కొన్ని నిలిచాయి. నిలిచినవాటిలో ఒకటి, మట్టికట్టల లోపలి నీటి ఒత్తిడిని కొలిచే సెన్సర్లు చేసేది. ఆ కంపెనీ వల్లే ఈ గని యాజమాన్యం నన్ను బోర్డు డైరెక్టరుగా తీసుకుంది. నాన్న ఉంటే ఏమనేవాడో అనుకున్నాను.

ఖనిజం కడిగిన ఎర్రబురదను ఆపే కట్టను ఇంకా ఎత్తు చేయాలన్న ప్రతిపాదన సెప్టెంబరులో బోర్డు ముందుకొచ్చింది. ఓటింగు మొదలయ్యేలోపు, కట్టలో పెట్టిన మా సెన్సర్లు చూసుకునే గని ఇంజనీరు బుధ్రాం పిలవకుండానే లోపలికొచ్చి కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"కట్ట లోపల నీళ్లు పెరుగుతున్నయ్ సార్. ఇంకా ఎత్తు చేస్తే తెగుతది. కింద నలభై ఇండ్లున్నయ్" అన్నాడు.

ఛైర్మన్ రామారావుగారు నా వైపు తిరిగి, "మేడమ్, ఈ అంకెలు నమ్మొచ్చా?" అని అడిగారు. నమ్మొచ్చన్నాను. పని ఆగింది. బురద తోడేయడం మొదలైంది. నా మాటతోనే ఊరు బతికిందని మీవాళ్లంతా అనుకుంటున్నారు.

జులైలో కట్ట అంచు నుంచి కారిన బురద మీ అన్న కోస పొలాన్ని కప్పేసింది కదా, నిన్న అది చూడ్డానికి వెళ్లాను. అతను గట్టు మీద నిలబడి, "రెండేండ్లు వడ్లు పండవంట" అన్నాడు. నేను వంగి ఆ బురదను చేత్తో తవ్వి చూస్తుంటే, "ఏంది చెల్లె, గంత దిగులు? నువ్వుండబట్టే మా పానాలు దక్కినయ్" అని నన్నే ఓదార్చాడు. ఇంటికి తీసుకెళ్లి టీ ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

ఆదివారం సభకు నేను రాను. కోపం తెచ్చుకోకు.

ఎప్పటికీ నీ
సారలమ్మ

తా.క.: సంతకం పెట్టాక కూడా ఉత్తరం మడవలేకపోయాను. ఇర్మే, ఆ అంకెలు నాకు మార్చిలోనే తెలుసు. బుధ్రాం ముందు నాకే పంపాడు. అప్పుడు మా సెన్సర్ల కంపెనీని ఒక పెద్ద సంస్థ కొనబోతోంది. గనివాళ్లతో గొడవైతే బేరం చెడుతుందని, "కొన్నాళ్లు ఆగు, ఎవరికీ చెప్పకు" అని అతనికి రాశాను. జూన్‌లో బేరం కుదిరింది. మరుసటి నెలే మీ పొలం మునిగింది. చివరికి అతను నా మాట కాదని బోర్డు ముందుకొచ్చాడు. పిలవకుండా వచ్చాడన్న సాకుతో ఆ వారమే అతని ఉద్యోగం తీసేశారు. నేను అడ్డుపడలేదు.

ఇవాళ రాజీనామా ఇచ్చాను. మార్చి నాటి ఉత్తరాలన్నీ బోర్డుకూ కలెక్టరు ఆఫీసుకూ పంపాను. శాలువా బుధ్రాంకి కప్పండి. ఈ మాటలు గోండీలోకి మార్చి సభలో చదువు. మీ అన్నకు మాత్రం నువ్వు చెప్పకు. శనివారం పొద్దున వెళ్లి నేనే చెబుతాను.