అమ్మ కూర్చున్న మూల

నా బంగారు అక్కకి,

ఫోన్ చేస్తే నన్ను ఒక్క ముక్క పూర్తి చెయ్యనివ్వవు. అందుకే ఉత్తరం. ఇందులో నువ్వు ఎంత అరిచినా నాకు వినపడదు.

మన మార్కెట్ వీధిని బాగుచేస్తున్నారు. రోడ్డు తవ్వి బండలు పరుస్తారట, దీపాలు పెడతారట, మధ్యలో ఫౌంటెన్ కూడానట. ఊళ్ళో వాళ్ళని అడిగే చేస్తామని మునిసిపాలిటీ ఒక కమిటీ వేసింది. బట్టల షాపాయన, మందుల షాపావిడ, రిటైరైన టీచరుగారు, మేడల మీద కాపురాలున్న ఇద్దరు, నేల మీద కూర్చుని అమ్ముకునేవాళ్ళ తరఫున నేను. నవ్వకు. ఎవరూ రామంటే, నోరున్నదాన్నని నన్ను తోశారు.

లైబ్రరీ హాల్లో మన వీధిని అట్టముక్కలతో కట్టి బల్ల మీద పెట్టారు. అగ్గిపెట్టెలంత షాపులు, స్పాంజి చెట్లు, గోరంత మనుషులు. పాత గిడ్డంగి గోడ వార మన మూల కూడా ఉంది. అమ్మ కూర్చున్న చోట, తర్వాత నువ్వూ నేనూ నిమ్మకాయలు పోసుకుని కూర్చున్న చోట, ఒక బొమ్మ నిలబడి ఉంది. భలే ముద్దొచ్చిందిలే.

ఇంజనీరమ్మ చిన్నపిల్ల. "మీకేం కావాలమ్మా?" అని నన్నడిగింది. "ఆడవాళ్ళకి బాత్రూమ్" అన్నాను. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదని చూసి ఆగింది. అక్కా, అమ్మ మనకి మొదట నేర్పింది తూకం కాదు, గుర్తుందా? నోట్లో నీళ్ళు పోసుకుని, పుక్కిలించి, ఉమ్మెయ్యడం. తెల్లవారుజామున ఒక గుక్క, మళ్ళీ ఇంటికెళ్ళాకే. తాగితే వెళ్ళడానికి చోటేది? దాహం వేస్తే నీళ్ళ వైపు చూడకుండా అటు తిరిగి కూర్చోమనేది.

అందరూ ఒప్పుకున్నారు. బాత్రూమ్ గుర్తుగా ఇంజనీరమ్మ ఒక నీలం అట్టముక్క తెచ్చింది. ఇక చూడు తమాషా! "కావాలమ్మా, తప్పకుండా కావాలి. మా షాపు ముందు మాత్రం వద్దు. జనం ముక్కు మూసుకుని బట్టలు బేరమాడతారా?" అని బట్టల షాపాయన దాన్ని మందుల షాపు ముందుకి జరిపాడు. "మా దగ్గరికి రోగులొస్తారండీ!" అని ఆవిడ మేడల కిందికి తోసింది. మేడలవాళ్ళు ఒంటికాలి మీద లేచారు. వీధంతా తిరిగి తిరిగి పాపం ఆ ముక్క చివరికి ఫౌంటెన్‌లో పడింది.

నువ్వు పెట్టిన పేరే,
నీ చెల్లి నిమ్మకాయ


అక్కా,

కోపం తెచ్చుకోకు అని రాస్తే నీకు ముందే కోపం వస్తుంది. కాబట్టి సూటిగా చెప్పేస్తున్నాను. మన మూల ఇచ్చేశాను.

నిన్న చివరి మీటింగు. చోటు కుదరకపోతే బాత్రూమ్ సంగతి పక్కన పెట్టేస్తామని ఇంజనీరమ్మ తల దించుకుని చెప్పింది. తప్పు ఆ పిల్లది కాదు. నేను లేచి నీలం ముక్క తీసి గిడ్డంగి గోడ వార పెట్టాను. కాలువ పక్కనే ఉంది, ఎదురుగా ఎవరి గుమ్మమూ లేదు. "అక్కడెవరో కూర్చుంటారు కదమ్మా?" అంది. "ఆ ఎవరో నేనే" అన్నాను. అక్కడున్న బొమ్మని తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. నాకు కొత్త వరసలో చోటిస్తారట, ఎండలో.

నీకు చెప్పకుండా దాచింది ఇంకొకటి ఉంది. కొన్ని నెలలుగా నా కాళ్ళు వాస్తున్నాయి. డాక్టరమ్మ పరీక్షలు చేసి, పగలు నీళ్ళెందుకు తాగవు అని అడిగింది. చెప్పాను. ఏళ్ళ తరబడి తాగక, ఆపుకుని, మంటలూ జ్వరాలూ వస్తే సిగ్గుపడి ఊరుకుని, రెండు కిడ్నీలూ పాడుచేసుకున్నానంది. ఇక బతికినన్నాళ్ళూ మెషీన్ మీద రక్తం కడిగించుకోవాలి. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను అక్కా. ఎవరి మీద ఏడవాలో తెలియక ఏడ్చాను.

ఇక బుట్ట నా కోడలిదే. మొన్న పక్కన కూర్చుని బేరాలు నేర్పుతున్నాను. ఎండ మండిపోతోంది. సీసా తీసింది, నోట్లో పోసుకుంది, పుక్కిలించి ఉమ్మేసింది. "ఎవరు నేర్పారే నీకిది?" అన్నాను. "మీరే అత్తయ్యా. రోజూ చూస్తున్నాగా" అంది, మెప్పు కోసం నవ్వుతూ.

మూల ఇచ్చింది అందుకు. అమ్మ వీపు ఆనించి ఆనించి ఆ గోడ నున్నబడింది. చిన్నప్పుడు దాని మీదే కదా మనం బొగ్గుతో బొమ్మలు గీసింది. ఆ చోటు నీదీను. నిన్ను అడగకుండా ఇచ్చేశాను. తిట్టు, పడతాను.

నీ చెల్లి


ఒసేయ్ నిమ్మకాయా,

తిడుతున్నాను, విను. జబ్బు దాచినందుకు నీ వీపు చీరేస్తాను. మూల కోసం మాత్రం కాదు.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ నాకు అమ్మ ఆఖరి రోజులే కళ్ళ ముందు తిరుగుతున్నాయి. కాళ్ళు వాచాయి. మొహం ఉబ్బింది. వయసు అనుకున్నాం. వయసు కాదేమోనే! ఆ మూల మనకి అన్నం పెట్టింది, కాదనను. అమ్మనీ అదే తినేసింది, ఇప్పుడు నిన్నూ. పోనీయ్, మంచి పని చేశావు.

మందులు మానావో, చంపేస్తాను. బస్సెక్కుతున్నాను.

నీ అక్క


అక్కా,

నువ్వుండి వెళ్ళాక ఇల్లు బావురుమంటోంది. తిట్టేవాళ్ళు లేక నోట్లో మాట కూడా ఊరడంలేదు.

ఇవాళ బాత్రూమ్ తెరిచారు. మీటింగుల్లో ముక్కు మూసుకున్న బట్టల షాపాయనే రిబ్బన్ తెచ్చాడు. ముందు నేనే వెళ్ళాలని అందరూ పట్టుబట్టారు. వెళ్ళి గడియ పెట్టుకున్నాను. బయట చప్పట్లు. తెల్లటి టైల్స్, కొళాయి, అద్దం. అమ్మ ఆనుకున్న చోటు ఆ టైల్స్ కిందికి పోయింది. చెయ్యి పెట్టి తడిమాను. అదీ నున్నగానే ఉంది, కానీ అమ్మది కాదు.

కిడ్నీలు పోయాక నాకిప్పుడు ఆ అవసరమే రాదు కదా అక్కా. తాగాలనిపించినా డాక్టరమ్మ కొలిచిచ్చిన గుక్కలే. ఊరికే నిలబడి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను. ఆ రోజు గుప్పిట్లో పెట్టుకున్న బొమ్మని అద్దం కింది గట్టున పెట్టి, మొహం కడుక్కుని బయటికొచ్చాను. "బాగుందా?" అని ఇంజనీరమ్మ అడిగింది. బాగుందమ్మా అన్నాను. ఆ పిల్ల కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

మధ్యాహ్నం కొత్త వరసలో కోడలి పక్కన కూర్చున్నాను. ఎండ నడినెత్తిన ఉంది. సీసా ఎత్తింది. గటగటా తాగింది అక్కా, గొంతు కదలడం నాకు కనిపించింది. గడ్డం మీంచి కారినా తుడుచుకోలేదు. ఇంకొంచెం తాగవే అంటే, "చాల్లెండి అత్తయ్యా, పొట్ట పగిలిపోతుంది" అని నవ్వింది.

కాసేపటికి కొంగు దులుపుకుని లేచింది. "అత్తయ్యా, కాస్త బుట్ట చూస్తుంటారా? ఇప్పుడే వస్తాను" అంది.

మన వీధిలో పట్టపగలు ఏ ఆడదాని నోటా ఈ మాట నేను ఇంతవరకూ వినలేదు. ఆ పిల్ల తిరిగొచ్చేదాకా బుట్ట చూస్తూ కూర్చున్నాను.

నీ
నిమ్మకాయ